సగానికి మరిగిన నీళ్ళు

ఆ రోజుల్లో ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే ‘కన్సల్టెన్సీ’ అని చెప్పి మాట మార్చేవాణ్ణి. నిజానికి నా పని గోతి ముందు గొంతుక్కూర్చోవడం. ఘాజియాబాద్ దాటాక పొలాల్లో కాలనీలు లేస్తున్న కాలం అది. ఇళ్ళొచ్చాయి గానీ డ్రైనేజీ రాలేదు, ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్ళే తవ్వించుకున్నారు. ఆ నేల మురుగును వడకట్టగలదో లేదో చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, అవి ఎంత త్వరగా ఇంకుతున్నాయో స్కేలు పెట్టి చూడాలి. (ఎమ్మెస్సీ చదివింది ఇందుకేనా అని మా నాన్న ఫోనులో అడిగేవారు.) ఒకసారి నేను టీ తాగి వచ్చేసరికి అక్కడి పెద్దాయనొకడు గోతిని నిండుగా నింపిపెట్టాడు. “బేటా, తుమ్హారా పానీ భాగ్ రహా థా,” అన్నాడు జాలిగా, నా నీళ్ళు పారిపోతున్నాయని. ఠీక్ హై అనుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ కాలనీలోనే ఒక తెలుగువాళ్ళ ఇల్లు దొరికింది. అంకుల్ సర్కారీ నౌకరీలో రిటైరై, సరోజినీ నగర్ క్వార్టరు ఖాళీ చేసి అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆంటీది కాకినాడ వైపు. నా తెలుగు మాట వినగానే లోపలికి పిలిచి పెసరట్టు వేసిపెట్టింది. పక్కన కోడలు, ఆమె ఒళ్ళో శాలువా కప్పుకుని నిద్రపోతున్న రెండు నెలల మనవడు. తల్లిపాలు చాలక డబ్బాపాలు పడుతున్నారు.

“మా ట్యాంకు కట్టినకాణ్ణుంచీ ఒక్కసారి నిండలేదు బాబూ. అందరూ తోడించడానికి బండి పిలిపించుకుంటారు, మాకా బెడదే లేదు,” అంది ఆంటీ గర్వంగా. నేను అట్టు తినడం ఆపేశాను. అది ఇసుక నేల. ట్యాంకు నిండటం లేదంటే అందులోదంతా కిందికి దిగిపోతోందన్నమాట, చేతిపంపేమో దాని పక్కనే ఉంది. పంపు నీళ్ళు సీసాలో పట్టి, నా సంచిలోని పరీక్ష పొడి కలిపాను. మురుగులోంచి దిగే నైట్రేటు ఎక్కువుంటే రంగు ముదురుతుంది. ముదురు గులాబీ రంగొచ్చింది. “రంగు భలే ఉంది,” అంది ఆంటీ.

కంచం ముందు కూర్చుని అలాంటి మాటలు ఎత్తకూడదని మా అమ్మ పెంపకం. అందుకని మర్యాదగా, “సీపేజ్ ఉందాంటీ. కంటామినేషన్ కనిపిస్తోంది,” అన్నాను. “అచ్ఛా,” అని ఆవిడ ఇంకో అట్టు వేసింది. చంటివాడికి మాత్రం ఆ నీళ్ళు వద్దన్నాను.

“వాడికి పచ్చినీళ్ళు పోస్తామేంటి? కషాయం కాచినట్టు సగానికి ఇగిరేదాకా మరిగిస్తాను. ఈమధ్య వాడికి నలతగా ఉందని ఇంకాసేపు ఉంచుతున్నాను.”

మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేటు పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది. నేను లేచి వెళ్ళి శాలువా తప్పించి చూశాను. వాడి పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి. “చలికి అలా అయ్యాయి,” అంది కోడలు.

“చలికి కాదు. ఆంటీ, మన లెట్రిన్ నీళ్ళే పంపులో వస్తున్నాయి. వీణ్ణి ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.”

“మేమందరం తాగుతున్నాం కదా. నువ్వూ తాగావు,” అంది ఆంటీ.

“మనలాంటి పెద్దవాళ్ళకి ఏమీ కాదాంటీ. పసివాళ్ళ రక్తం తట్టుకోలేదు.”

కోడలు బిడ్డనెత్తుకుని వీధిలోకి నడిచింది.

ఆస్పత్రిలో తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది. డాక్టరు నీలం రంగు మందు ఎక్కించాడు. (నీలమైపోయిన బిడ్డకి నీలం మందేమిటని అంకుల్ నన్ను అడిగారు, డాక్టరుని అడిగే ధైర్యం చాలక.) ఆ సాయంత్రం దాకా అందరం వార్డు బయట బెంచీ మీదే కూర్చున్నాం. చివరికి వాడి పెదవులు ఎర్రబడ్డాయి, ఆకలికి ఏడిచాడు.

అప్పుడు బెంచీ మీద నా పక్కకి జరిగింది ఆంటీ. “చదువుకున్నవాడివి, నిజం చెప్పు బాబూ. నేను మరిగించబట్టేనా?”

“లేదాంటీ. మీరు మరిగించారు కాబట్టే ఈమాత్రం దక్కాడు. ఇకమీదట ఆ పంపు మాత్రం ముట్టుకోకండి,” అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు నా దగ్గర పనికి చేరే పిల్లలకి ఎవరేమనుకున్నా ఉన్నదున్నట్టు చెప్పాలని పాఠాలు చెబుతుంటాను. అలా చెబుతుండగా, ఆ బెంచీ మీద తొణక్కుండా అబద్ధమాడిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాణ్ణి మాత్రం నాకు దిద్దబుద్ధి కాదు.