పేరు వెనక తోక

అమెరికాలో పుట్టిన మార్మన్ క్రైస్తవ శాఖలో మతప్రచారకుల్ని ‘ఎల్డర్’ అని పిలుస్తారు. అంటే పెద్ద. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, నాకు జంటగా వచ్చిన ఫిజీ దీవుల అబ్బాయికి పందొమ్మిది. మీసం కూడా సరిగ్గా రాని ఇద్దరు పెద్దలం తెల్ల చొక్కాలు, టైలు వేసుకుని కర్నూలు ఎండలో ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ఎత్తుగా, నల్లగా ఉండే అతన్ని చూసి టీ అంగడి దగ్గర జనం “వెస్టిండీస్ ప్లేయరాప్పా?” అని అడిగేవారు. సముద్రాలు దాటి వచ్చింది అతను. నా సొంతూరు గంట బస్సు ప్రయాణం, కోడుమూరు పక్కన.

నేను ఈ మతంలోకి ఎందుకు వెళ్ళానో చాలామంది అడిగారు. దేవుడి గురించి పెద్ద ఆలోచన ఏమీ లేదు. బెంగళూరులో హాస్టల్లో ఉన్నప్పుడు ఒక మిత్రుడు వాళ్ళ ప్రార్థనకు తీసుకెళ్ళాడు. అక్కడ ముక్కూ మొహం తెలియని ఒకాయన “మీరు ఏమిటోళ్ళు” అని అడగకుండానే నన్ను కావలించుకుని బ్రదర్ అన్నాడు. నాకు అది చాలు. మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు, అయినా తిరిగి చూడలేదు.

అయితే మాకు ఛాతీమీద పెట్టుకోవడానికి నల్ల బ్యాడ్జి ఇస్తారు. దానిమీద సొంత పేరు ఉండదు, ఇంటిపేరే ఉంటుంది. నా పాస్‌పోర్టు తీసేటప్పుడు ఇంటిపేరు రాయాల్సిన గడిలో మా నాయన మా పేర్ల వెనకుండే తోక రాయించాడు. సంఘంవాళ్ళు దాన్నే అచ్చు వేయించి పంపారు. కులమంటే రోత పుట్టి ఇల్లు వదిలినవాణ్ణి, ఆ కులాన్నే గుండెమీద తగిలించుకుని తిరిగాను. మార్చమని ఒకసారి అడిగాను. “అది నీ పేరే కదా” అన్నాడు పైనున్న విదేశీ పెద్దమనిషి. మళ్ళీ అడగడానికి బద్ధకించాను.

ఆ సోమవారం మాకు సెలవు. బట్టలు ఉతుక్కున్నాం. నా జంట వాళ్ళమ్మకు సెల్‌ఫోన్లో పొడుగాటి ఉత్తరం రాశాడు. ఈ ఆదివారం ఒకామె బాప్తిస్మం తీసుకుంటుందని రాశానని నవ్వుతూ చెప్పాడు. పది నెలలుగా అతను తిరిగిన తిరుగుడుకు ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆమే మొదటి మనిషి.

ఆమె మార్కెట్ యార్డులో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, ఏరే కూలి. యాభై ఉంటాయేమో. మేం బాడుగకు తీసుకున్న మేడమీది హాలుకు నాలుగు ఆదివారాలు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. అడిగింది ఒకటే. “సచ్చిపోయినోళ్ళు మళ్ళా మనోళ్ళుగానే కనపడతారా నాయనా?” ఆమె మొగుడు పోయి రెండేళ్ళు. మా మతం ప్రకారం కుటుంబం చావుతో తెగిపోదు, ఆ మాటే చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయితే నేనూ నీళ్ళలో మునుగుతానంది.

మంగళవారం మమ్మల్ని ఇంటికి పిలిచింది. ఊరి చివర ఒకటే గది. మాకోసం పక్కింటి నుంచి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. “రా నాయనా, కూసో. ఆ బిడ్డను గూడా కూసోమను.” డిగ్రీ చదివే కూతురు ప్లేట్లో రెండు స్టీలు గ్లాసులతో టీ తెచ్చింది. మాకు టీ, కాఫీ నిషిద్ధం. వద్దన్నాను.

“సరే, నీళ్ళన్నా తాగండి” అని తల్లే లేచి కుండలోంచి ఒక గ్లాసు ముంచుకొచ్చింది. నా జంటకు వచ్చిన కొత్తల్లో టైఫాయిడ్ తగిలింది. అప్పటినుంచి సంచిలోని ఫిల్టరు నీళ్ళు తప్ప బయట తాగకూడదని మా ఇద్దరికీ ఆజ్ఞ. పుట్టినప్పటినుంచి బోరు నీళ్ళు తాగి పెరిగిన నాకు ఆ రూలుతో పనేముంది? అయినా సంచిలోంచి సీసా తీసి చూపించాను. “మావి ఉండాయి పెద్దమ్మా” అన్నాను.

అప్పుడు కూతురు నా బ్యాడ్జిమీది ఇంగ్లీషు అక్షరాలు చదివి, తల్లి చెవిలో ఆ ఒక్క మాట చెప్పింది. ఆమె నా ఛాతీ వైపు చూసింది, తర్వాత మొహం వైపు.

“యా ఊరు మీది?”

“కోడుమూరు పక్క.”

ఆమె గ్లాసులన్నీ తీసేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. “తప్పయిపోయింది సామీ. తెలీక తెచ్చినాం.”

ఒక నిమిషం ముందు నేను నాయనా. ఇప్పుడు సామీ. అట్లా కాదు, మా మతంలో టీ తాగకూడదు, అంతే అన్నాను. ఆమె శ్రద్ధగా విని, ఏ కోపమూ లేకుండా అడిగింది: “నీళ్ళకు గూడా ఉండాదా సామీ నియమం?”

టైఫాయిడ్ గురించి చెప్పబోయాను. నాకే అది సాకులా వినిపించి మధ్యలో ఆపేశాను. ఆదివారం వస్తావు గదా అని అడిగితే “చూస్తాంలే సామీ” అంది. ఈ సీమలో పుట్టినవాడెవడికైనా ఆ మాటకు అర్థం తెలుసు. బయటికి రాగానే “ఆమె ఏమంది?” అని నా జంట అడిగాడు. వస్తానంది అని చెప్పాను.

బుధవారం ఏం చేశామో గుర్తులేదు. తిరిగే ఉంటాం.

గురువారం మళ్ళీ వెళ్ళాను. నా జంట వాకిట్లో పిల్లలతో ఆడుతుంటే నేను గుమ్మంలో నిలబడి, “దప్పికగా ఉండాది పెద్దమ్మా, నీళ్ళియ్యి” అన్నాను. ఇంత సులువా అనిపించింది కూడా. తాగేస్తే సరిపోతుంది, అంతా సర్దుకుంటుంది. ఆమె లోపలికి పోయి అంగట్లో కొన్న నీళ్ళ బాటిల్ తెచ్చింది. మీద సీలు అట్లాగే ఉంది. నాకివ్వకుండా గడపమీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

“మీరు మళ్ళా వస్తే ఉంటాదని తెచ్చిపెట్నా. మూత తియ్యలే సామీ. నేను ముట్టలే.”

కుండలోవి ఇమ్మని బతిమాలాను. “వద్దులే సామీ, మీ నియమం మీకుంటాది” అంది. ఆ బాటిల్ తీసుకుని తాగాను. తాగకపోతే అదొక అవమానం, తాగితే ఇదొక అవమానం. నా అంత దౌర్భాగ్యుడు ఈ జిల్లాలో లేడనిపించింది.

ఆదివారం పొద్దున్నే నా జంట ట్యాంకర్ పిలిపించి హాల్లో బాప్తిస్మానికి పెట్టిన తొట్టి నింపించాడు. ఎండాకాలం, వీధిలో కుళాయి వచ్చి నాలుగు రోజులైంది. కింది ఇంటివాళ్ళు మేడమీద అన్ని నీళ్ళు చూసి మమ్మల్ని తిట్టుకున్నారు. అతను ఆమె వేసుకోవాల్సిన తెల్లబట్టలు మడతపెట్టి కుర్చీమీద పెట్టి, మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటేదాకా చూశాడు. అప్పుడు చెప్పాను, ఆమె రాదని, ఎందుకు రాదో కూడా.

అతనికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపంతో లేచాడు. “ఆమె తప్పుగా అనుకుంది. అది రూలు మాత్రమేనని వెళ్ళి చెప్పు. నిజం చెప్పు. పద, నేనూ వస్తాను” అని నా చెయ్యి పట్టి లాగాడు.

నేను లేవలేదు. చెప్పాల్సిన నిజం అతననుకున్నది కాదు. మంగళవారం ఆ నీళ్ళ గ్లాసు నా ముందుకు వచ్చినప్పుడు, మతం గుర్తొచ్చేలోపే, రూలు గుర్తొచ్చేలోపే, నా చెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె అది చూసింది.