మేకను వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉప్పూ పప్పులతో పాటు భయాన్ని కూడా నెలకు సరిపడా తెచ్చి పెట్టేవారేమో అనిపిస్తుంది. నాకు పరీక్షలంటే భయం, పోస్టుమ్యాన్ అంటే భయం, అన్నింటికీ మించి గిద్దలూరులో ఎరువుల దుకాణం నడిపే మా మేనమామ అంటే భయం. డిగ్రీ పూర్తయి ఏడాది దాటినా ఉద్యోగం దొరక్కపోయేసరికి ఆయన మార్కాపురం వచ్చి మా వసారాలో కూర్చుని తీర్పు చెప్పాడు. "వచ్చే నెల నుంచి వీడు నా దుకాణంలో కూర్చుంటాడు. నేను చెప్పినాక ఇంకేముండాది?" ఆ గొంతు వింటే ఎరువుల బస్తాలు కూడా సర్దుకుని నిలబడతాయి. ఇక జన్మంతా ఆ గొంతు కిందే అనుకుని నాకు అన్నం సయించలేదు. సరిగ్గా ఆ వారమే పేపర్లో ప్రకటన చూశాను. హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి బొమ్మలు గీసేవాళ్ళు కావాలట. (అప్పటికి నేను చూసిన వీడియో గేము ఒక్కటే, అదీ బస్టాండు పక్కన దుకాణంలో ఇంకెవరో ఆడుతుంటే వెనక నిలబడి.) దరఖాస్తు పంపితే, గీసిన బొమ్మలు వెంట తీసుకుని రమ్మన్నారు.

ఇంకో ఊరివాడైతే కాగితాలు కొనేవాడు. మార్కాపురమంటేనే పలకలు, మాదీ పలకల కార్ఖానాయే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బొమ్మంటే పలక మీద బలపంతో గీసేదే, కాగితం నాయన వ్యాపారం లెక్కలకు మాత్రమే. అందుకని ఒక మేక గోడ దూకడాన్ని వరసగా కొన్ని పలకల మీద గీశాను. మొదటి పలకలో కాళ్ళు ముడుచుకుంటుంది, చివరి పలకలో అవతల దిగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి చకచకా చూపిస్తే మేక కదిలినట్టే ఉంటుంది.

"ఏందిరా, మేకకు గోడ దూకేది నేర్పిచ్చేదానికి జీతమిస్తారంటనా?" అన్నాడు నాయన.

"ఇస్తారంట నాయనా."

"అట్లయితే బిరీన పో. వాళ్ళకు తెలివొచ్చేలోగా చేరిపో."

మా వైపు మనుషులకు ఒక అలవాటు ఉంది. పలక కనబడితే చాలు, ముందు అరచేత్తో ఒకసారి తుడుస్తారు, తర్వాత వేలి కణుపుతో కొట్టి చెవి పెడతారు. ఖంగున మోగితే పగులు లేనట్టు. బస్సులో దొనకొండ వైపు అవ్వ ఒకామె నా పక్కన కూర్చుని, నా ఒడిలోని మూట సందులోంచి పలకను చూసి చెయ్యి చాచింది.

"అవ్వా! ముట్టుకోబాకు!" నా అరుపుకు కండక్టరు కూడా వెనక్కి తిరిగాడు.

"ముట్టుకుంటే అరిగిపోతయ్యా? కొత్త పెండ్లికూతుర్ని ఎత్తకపోతన్నట్టు కూర్చున్నావే!" అని మూతి తిప్పుకుంది. ఆమె దిగేదాకా నేను రెప్ప వేయలేదు. చెమట చుక్క పడుతుందని తల కూడా వంచలేదు.

అంత కాపాడుకుని వెళ్ళానా, మర్నాడు ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో కళ్ళద్దాల పెద్దమనిషి "మీ బొమ్మలు చూపించండి" అన్నాడు. మూట విప్పి మొదటి పలక బయటికి తీశాను. తీసి (ఇక్కడ నా చెయ్యి నన్ను అడగలేదు) అరచేత్తో శుభ్రంగా తుడిచి, వేలి కణుపుతో కొట్టి, "పగుల్లేదు సార్" అని ఆయన చేతికిచ్చాను.

ఆయన పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బొమ్మ ఏది బాబూ?"

బొమ్మ నా అరచేతిలో తెల్లటి పొడిగా ఉంది. మిగతా పలకలు చూసి, "మొదటిది ఇక్కడే మళ్ళీ గీయగలవా?" అన్నాడాయన. బలపం తీశాను కానీ, కళ్ళ ముందు గిద్దలూరు దుకాణం, ముక్కులో ఎరువు వాసన. పలక మీదికి వచ్చింది నేను అనుకున్న మేక కాదు. దాని చెవులు వెనక్కి పోయాయి, గుడ్లు తేలేసింది, కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పరుగెత్తుతున్నాయి.

కళ్ళద్దాలాయన చాలాసేపు చూసి, "ఇది ఎందుకింత భయపడుతోంది? వెనక ఎవరున్నారు?" అన్నాడు.

"మా మామ సార్" అనేశాను.

ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా గేములో తరిమేవాళ్ళు బాగా కుదిరారయ్యా, పారిపోయేవాళ్ళే సరిగ్గా భయపడటం లేదు. సోమవారం వచ్చి చేరు."

సంగతి తెలిసి మామ నన్ను పిలిపించాడు. "నన్నేమన్నా గీసినావా ఏంది?" అన్నాడు. "లేదు మామా" అన్నాను. (నిజమే. నేను గీసింది ఆయన ముందు పరుగెత్తేవాణ్ణి మాత్రమే.)

నా డైరీలో ఆ రోజు కింద "ఉద్యోగం వచ్చింది. అన్నం తినలేదు" అని మాత్రమే ఉంది. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది, మామ కూడా లేడు. మా మేకను తెర మీద ఎంతమంది పరుగెత్తించారో, దాన్ని చూసి ఎంతమంది నవ్వుకున్నారో తెలియదు. ఆ వయసులో ఉన్న నన్ను తలుచుకుంటే మాత్రం భుజం తట్టి ఆపి, "ఒరే, ఒక్కసారి వెనక్కి చూడు, ఎవరూ రావడం లేదు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆగేవాడు కాదు లెండి.