ఇద్దరికీ ఒకే తాళం

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో పెద్ద ఫిట్టర్‌ని ఎదురుగా "మేస్త్రీ గారూ" అంటారు, వెనకాల "తాళం మేస్త్రీ" అంటారు. ఇరవై ఆరేళ్లు యంత్రాలతో వేగినా ఆయన పది వేళ్లూ పదిలంగా ఉన్నాయంటే ఆ తాళం చలవే. సబ్బుముద్ద కలిపే మిక్సర్‌లోకి దిగాలంటే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. దిగే ప్రతివాడూ దానికి తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. ఎందరు దిగితే అన్ని తాళాలు; అన్నీ తీస్తేగానీ స్విచ్ పడదు. తాళం మరిచి వచ్చినవాణ్ణి గేటు దాకా తరిమిన మనిషాయన. ఓసారి మేనేజర్ "రెండు నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా?" అంటే, "ప్రాణం పోవడానికి రెండు నిమిషాలెందుకండీ?" అనేశాడు. నోటికి హద్దు లేదు మరి!

అలాంటివాడు బావమరిది దగ్గర మెత్తబడ్డాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పనిలో చేర్చిన రోజే ఆవిడ చెప్పింది: "వాడసలే మతిమరుపు వెధవ. మీ చేతుల్లో పెడుతున్నా." చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సోమవారం పొద్దున మిక్సర్ రెక్క వదులైంది. బావమరిది జేబులన్నీ తడుముకుని నాలుక కరుచుకున్నాడు.

"బావా, తాళం ఇంట్లో చొక్కాలో ఉండిపోయింది."

"తలకాయ తెచ్చుకున్నావా, అదీ చొక్కాలోనే ఉందా?"

"వెళ్లి తెచ్చుకోనా?"

వెళ్లమనాల్సిన మనిషే. కానీ వెళ్తే ఆలస్యం, ఆలస్యమైతే వీడి పేరు రిజిస్టర్‌కెక్కుతుంది, ఇంట్లో వీడి అక్క ముఖం మాడ్చుకుంటుంది. ఇవన్నీ తలచుకుని, "ఏడిశావులే, దిగు. నా తాళం ఉందిగా. మనమేమన్నా పరాయివాళ్లమా?" అన్నాడు.

గంటలో పని అయింది. ఇద్దరూ బయటికొచ్చారు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ గోడకు అవతలున్న స్విచ్ దగ్గరికి నడిచాడు. అక్కణ్ణించి మిక్సర్ కనపడదు. తన తాళం తీశాడు. ఇంకో తాళం లేదు కదా, ఇక ఆగడమెందుకు? స్విచ్ వేసి "కానివ్వు" అని అక్కడే బటన్ల దగ్గరున్న ఆపరేటర్‌కి చెయ్యూపాడు. ఈలోగా బావమరిదికి లోపల వదిలేసిన స్పానర్ గుర్తొచ్చి మళ్లీ దిగాడు. రాకరాక జ్ఞాపకం అప్పుడే రావాలా వాడికి!

రెక్క సగం చుట్టు తిరిగింది. కేక విని ఆపరేటర్ ఆపేశాడు. ప్రాణం దక్కింది గానీ ఎడమ పాదం నుజ్జయింది. ఉంచుతారో తీసేస్తారో సాయంత్రానికి చెప్తామన్నారు డాక్టర్లు.

ఆసుపత్రి వరండాలో సూపర్‌వైజర్ మేస్త్రీ చెవిలో ఊదాడు: "తాళం లేకుండా దిగింది అతనే కదా. రిపోర్టులో అలాగే రాసేద్దాం. మీ మాట రానివ్వను."

"దింపింది నేను. అదే రాయండి," అన్నాడు మేస్త్రీ.

బల్లమీద కూర్చున్న భార్య తలెత్తింది.

"పరాయివాడైతే దింపేవారా?"

"గేటు దాకా తరిమేవాణ్ణి."

ఆవిడ పదిలంగా ఉన్న ఆయన పది వేళ్లకేసీ చూసింది.

"మా వాణ్ణి కూడా తరమాల్సింది కదండీ. నేను రెండు రోజులు ముఖం మాడ్చుకునేదాన్ని. అంతేగా!"