ఇంకో రకం టేపు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో టేపు అంటే ఒక్కటే, దర్జీ సాయిబు గారి మెడలో వేలాడేది. ఇంకో రకం టేపు కూడా ఉంటుందని మా బాబాయి మద్రాసు నుంచి వచ్చినప్పుడే తెలిసింది. చిన్న పెట్టె, లోపల రెండు చక్రాలు, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి చుట్టుకుంటూ పోయే గోధుమరంగు రిబ్బను. అందులోంచి పాట వస్తుంటే మా నాయనమ్మ పెట్టె వెనక్కి వెళ్ళి మరీ చూసింది. నేను మాత్రం ఏదీ అనుమానించలేదు. బాబాయి ఏం చెబితే అదే నాకు వేదం.

అవి కల్లంలో మిరపకాయలు ఎండే రోజులు. మా కొట్టం నీడన ఆడవాళ్ళు కూర్చుని కాయల ముచ్చికలు తీసేవారు. వాళ్ళలో పక్కింటి కోడలు ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. చక్కగా పాడేది. పెళ్ళితో చదువు ఆగిపోతే, మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా రాయాలని అత్తగారికి తెలియకుండా చదువుకుంటోంది. పుస్తకాలు మా కొట్టంలో పత్తికట్టె వెనక దాచేది. వాళ్ళ అత్తగారు ఇటు వస్తుంటే నేను దగ్గాలి. మిరప కల్లంలో దగ్గితే ఎవరికీ అనుమానం రాదు. ఆ ఉపాయం అక్కదే. దానికి నన్నొక్కదాన్నే నమ్ముకుంది.

అక్క పాట పెట్టెలో పట్టి ఆవిడకే వినిపిద్దాం, తెల్లబోతుంది చూడు అన్నాడు బాబాయి. మాటలు కూడా పడతాయా అని అడిగాను.

"మాటలు పట్టదే పిచ్చిదానా, పాటలే పడుతుంది."

అప్పటిదాకా ఆ పెట్టెలోంచి నేను విన్నవి పాటలే. నమ్మాను.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక అక్క ఒక్కతే మిగిలింది. బాబాయి మీట నొక్కి, పెట్టెను గుడ్డసంచిలో పెట్టి నాకిచ్చాడు. సంచిలో ఏమిటే అని అడిగింది అక్క. టేపు అన్నాను. కొత్త జాకెట్లు కుట్టిస్తున్నారా అని నవ్వింది. పాడమని బతిమాలితే ఒక పాట పాడింది. తర్వాత గొంతు తగ్గించి, వచ్చే నెల చీరాలలో పరీక్ష అనీ, అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళి రాసి వస్తాననీ చెప్పింది.

సాయంత్రం మా అరుగు మీద ఇరుగుపొరుగు అంతా చేరారు. కోడలి పాట పెట్టెలోంచి వినబడుతుంటే అత్తగారు అందరివైపూ గర్వంగా చూసింది. అక్క సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. బాబాయి చెయ్యి మీట మీదే ఉంది. నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన చెయ్యి తీసేశాడు.

"ఉండండి, అసలు తమాషా ఇప్పుడు," అన్నాడు.

పెట్టె మాట్లాడడం మొదలుపెట్టింది. నేను దగ్గాను. గొంతు మండిపోయేదాకా దగ్గాను. అక్క తలెత్తి నావైపు చూసింది. ఆ దగ్గు వినగానే పుస్తకం దాచేసే మనిషి. ఆ రోజు దాచడానికి ఏమీ మిగల్లేదు.

పుస్తకాలు అత్తగారి పొయ్యిలోకి పోయాయి. అక్క పరీక్ష రాయలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాయలేదు. తమాషాకి చేశాను, ఇంత అవుతుందనుకోలేదు అన్నాడు బాబాయి. నిజమే అయ్యుండొచ్చు. కానీ మాటలు పట్టదని నాతో అన్నప్పుడు, పడతాయని ఆయనకు తెలుసు. అందుకు నేను ఆయన్ని ఇవాళ్టికీ క్షమించలేదు.

నాకు తెలియదక్కా అని చెప్పుకుందామని వెళ్ళాను. ఆవిడ ముచ్చికలు తీస్తూ తల ఎత్తలేదు.

"నువ్వేం అబద్ధం చెప్పలేదులేవే. టేపనే అన్నావుగా," అంది.

ఆ మాటకన్నా తిట్టి ఉంటే బాగుండేదని ఏడ్చాను. ఆ తర్వాత ఆవిడ నాతో కూరల సంగతి మాట్లాడింది, ఎండల సంగతి మాట్లాడింది, అంతే.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఎవరైనా కాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి ఏదైనా చెప్పుకోబోతే, వాళ్ళు నోరు తెరవకముందే నాకు దగ్గు వస్తుంది.