ఐలయ్య చేసిన ఫోను స్టాండు

విమానాశ్రయం దగ్గరి సాతంరాయిలో మా భజన మండలికి వీడియోలు తీసే స్టాండు ఒకటుంది. దాన్ని చేసింది ఐలయ్య. కాటేదాన్‌లో కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేసే మనిషి. మాట పొదుపు, మొండితనం మాత్రం ధారాళం. అతని భార్య కౌసల్యమ్మ మా మండలిలో హార్మోనియం వాయించేది. మేం దాన్ని పెట్టె అంటాం. నేను పాడతాను. నా గొంతు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, పక్కన ఆమె పెట్టె లేకపోతే దానికి దారి తెలియదు.

కౌసల్యమ్మ పెట్టె నేర్చుకుంది నలభై దాటాకే. నేర్పింది శంషాబాద్‌లో ఉండే బద్రుద్దీన్ ఉస్తాద్. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇల్లు కదలలేడు, ఈమెకు ఇల్లు వదిలే తీరిక లేదు. అందుకని ఈమె వాయించిన వీడియో వాట్సాప్‌లో పంపితే ఆయన తప్పులు చెప్పేవాడు. మొదటి వీడియో చూడగానే ఫోన్ చేసి విసుక్కున్నాడు.

"ముఖం చూసి నేనేం జేస్తనమ్మా? జర వేళ్లు చూపెట్టు. విమానం మోత గూడ వద్దు. పెట్టె ఒక్కటే ఇనబడాలె."

వేళ్లు కనబడాలంటే ఫోను పైనుంచి కిందికి చూడాలి. బియ్యం పోసిన గ్లాసులో గుచ్చితే ముఖమే వస్తుంది. ఫ్యాను కడ్డీకి కట్టి చూశారు. ఎండాకాలంలో ఫ్యాను ఆపి మమ్మల్నందరినీ ఉడకబెట్టారు. "ఇగ నేను రాను పో" అని నేను కోప్పడ్డాక ఐలయ్యకు పౌరుషం వచ్చింది. పైనుంచి తీసే స్టాండు కొనే స్తోమత మాకు లేదు. పాత స్టాండు ఫ్యాను గొట్టం తెచ్చి, రంగు డబ్బాలో నిలబెట్టి సిమెంటు పోశాడు. పైన అడ్డంగా ఒక పైపు వెల్డింగ్ చేసి, దాని కొసకు బైకుకు పెట్టుకునే ఫోను హోల్డరు బిగించాడు. డోలక్ దెబ్బకు బొమ్మ వణికితే డబ్బా కింద గోనెసంచి మడిచి వేశాడు.

"ఎట్లుందే?" అని భార్యను అడిగాడు.

"నీ లెక్కనే ఉంది. కదలదు, మెదలదు" అంది కౌసల్యమ్మ. మేమంతా నవ్వాం.

అప్పటి నుంచి గుళ్లో భజన అయినా, కొత్వాల్‌గూడలో ఎవరింట్లో పూజ అయినా ఆ డబ్బా మోసుకొచ్చేవాడు. ప్రతిసారీ ఫోను పెట్టె మీదికే.

"అన్నా, ఒక్కసారి ముందర వెట్టు. వదిన ముఖం గూడ పడనియ్యి" అని నేను పోరేదాన్ని.

"ఉస్తాద్‌కు వేళ్లు గావాలె మంజులా" అనేవాడు.

వచ్చిన జనం తమ ఫోన్లలో పాడేవాళ్లను వీడియో తీసుకునేవారు. మూలన పెట్టె వాయించే ఆమెను ఎవరు తీస్తారు?

విమానం వస్తే కౌసల్యమ్మ వేళ్లు ఆగేవి, మేమూ ఆగేవాళ్లం. ఆమె తల పైకెత్తి, కనిపించని విమానాన్ని కొరకొరా చూస్తూ మోత పోయేదాకా ఏదో గొణిగేది. భజన అయ్యాక ఐలయ్య గుమ్మంలో కూర్చుని ఆ ముక్కలన్నీ ఓపికగా కోసేసి, శుభ్రమైన పాటను ఉస్తాద్‌కు పంపేవాడు. ఫోనులో చోటు చాలదని అసలు వీడియోను చెరిపేసేవాడు.

మొన్న వానాకాలంలో కౌసల్యమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకెళ్లారు. ప్రాణంతో తిరిగి రాలేదు. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియదు.

నెల మాసికం రోజు కూతురు ప్రసన్నలక్ష్మి తండ్రి పక్కన కూర్చుంది. "బాపూ, అమ్మ ముఖం కనబడే వీడియో ఒక్కటి పెట్టు" అని అడిగింది. గోడ మీద ఫొటో ఉంది గానీ, అది ఆధార్ కార్డు నుంచి పెద్దది చేయించింది. అందులో ఆమె ఎవరికో భయపడుతున్నట్టు ఉంటుంది. ఐలయ్య ఫోను తీశాడు. పాపిట, గాజులు, వేళ్లు. ఇంకో వీడియో పెట్టాడు. పాపిట, గాజులు, వేళ్లు. ఫోను దించి నా వైపు తిరిగాడు.

"విమానం వచ్చినప్పుడల్లా పైకి చూసేది మంజులా. సక్కగ ఫోను దిక్కే చూసేది. అన్నీ నేనే కోసేసిన."

నేను పక్కన కూర్చుని మిగిలిన వీడియోలు కూడా ఒక్కొక్కటే తెరిపించాను.

చివరికి ఒకటి మిగిలింది. దవాఖానకు పోయే ముందు రోజుది, కోయడానికి తీరిక దొరకనిది. అందులో నా పాట మధ్యలో విమానం మోత వచ్చింది. వేళ్లు ఆగాయి. పాపిట వెనక్కి వాలి, బొట్టు, కళ్లు, ముక్కుపుడక కనిపించాయి. కౌసల్యమ్మ ముఖం ఫోను నిండా వచ్చింది. విసుగ్గా నవ్వింది.

"ఇగో, మళ్ల వచ్చింది. ఏమయ్యా, గీ ముక్క కోసెయ్యి, మర్వకు" అంది.

ప్రసన్నలక్ష్మి బావురుమంది. ఐలయ్య ఆ ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

"ఇగ కొయ్యనే" అన్నాడు.