మామ కోటుకు మైనం

మొన్న ముసురు పట్టినప్పుడు మా అబ్బాయి వేలు పోసి కొన్న వానకోటు తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. "ఇది ఖరాబైందమ్మా, ఇంకోటి కొంటా" అంటూ దాన్ని బాల్కనీలో పడేశాడు. ఖరాబు కాలేదు, పైన పూత అరిగింది, అంతే. అలాంటి పూత కోసమే ఒకప్పుడు ఏటా నా రెక్కలు విరిగేవి.

డెబ్బైల మొదట్లో నేను హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో అత్తవారింటికి వచ్చేసరికి మామ టెలిఫోను లైన్‌మన్. వాన పడితే లైన్లు చెడేవి, లైన్లు చెడితే ఆయన స్తంభమెక్కాలి. అంతకుముందే న్యుమోనియా వచ్చి బతికి బయటపడ్డారు. మళ్ళీ తడిస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడట. అందుకే మా ఇంట్లో మనుషులకంటే ఆయన కాన్వాసు కోటుకే మర్యాద ఎక్కువ. దానికి విడిగా ఒక మేకు, ఆ మేకుకు ఇంకొకరి బట్ట తగలకూడదు.

కొత్త కోడలిని కదా, మంచిపేరు కొట్టేద్దామనుకున్నాను. మృగశిరకు ముందు అత్తమ్మ గాజులకని చార్మినార్ దాకా పోయిన పూట, జిడ్డు కంపు కొడుతున్న ఆ కోటును ఉడుకునీళ్ళలో సోడా వేసి నానబెట్టి, బండకేసి ఉతికాను. నీళ్ళ మీద తెట్టె కడితే మురికి పోతోందని మురిసిపోయాను. అది మామ ఏళ్ళ తరబడి పట్టించిన మైనం.

మొదటి వానకే ఆయన నిలువునా తడిసి వణుకుతూ వచ్చారు. పదకొండు రోజులు జ్వరం. ఆ దగ్గు వినబడినప్పుడల్లా లేచి పొయ్యి మీద కషాయం పెట్టేదాన్ని. "గా కోటు గిట్ల నానిందేంది?" అని అత్తమ్మ అడిగితే, మామ గోడవైపు తిరిగి "పాతదైంది గదనే" అన్నారు. నా వంక చూడను కూడా లేదు.

లేచి కూర్చున్నాక ఉస్మాన్‌గంజ్ బజారు నుంచి తేనెమైనం, అవిసెనూనె తెప్పించారు. "కుట్ల కాడ మంచిగ రుద్దు బిడ్డా. నీళ్ళు ఆడికెల్లే జొరబడ్తయి" అన్నారు. రెండూ కలిపి కరిగించి, ఎండలో పరిచిన కోటుకు పాతగుడ్డతో రుద్దాలి. మిగిలింది తోలుబూట్లకు పట్టించాలి. ఆరాక చెంబెడు నీళ్ళు చల్లి చూడాలి. చామాకు మీద నీళ్ళలా జారితే సరి, ఇంకితే కథ మళ్ళీ మొదటికి. ఆయన రిటైరయ్యేదాకా ప్రతి ఎండాకాలం చివర ఆ చాకిరీ నాదే. భుజాలు పడిపోయేవి. ఒక్క ఏడూ మానలేదు.

మామ పోయాక, ఎనభైల చివర, మంచాన పడిన అత్తమ్మకు తల దువ్వుతుంటే ఉన్నట్టుండి అన్నది: "గప్పుడు కోటుకు సోడా వాసన నాకు రాలేదనుకున్నవా? ఆయన దాచిండని నేను గూడ దాచిన."

నిన్న బాల్కనీలోంచి అబ్బాయి కోటు తెచ్చి ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. రుద్దే బలం ఈ చేతుల్లో లేదు. మైనం ఏటేటా అరిగిపోయేది. వాళ్ళిద్దరూ నా తప్పు మీద కప్పింది మాత్రం ఇన్నేళ్ళ వానలకూ అరగలేదు.