హాయి దగ్గర ఆగిన పద్యం

కొత్త దుప్పటి మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. వెంటనే సోలాపూర్ దాజీ పేట్‌లో మగ్గాల పక్కగది, అందులో మా తెలుగు మాస్టారు నారాయణ సార్ గుర్తొస్తారు. బడి వదిలాక అక్కడే మాకు పద్యం నేర్పేవారు. గోడ అవతలి మగ్గం చప్పుడుకు తగ్గట్టు ఆటవెలది చదివించేవారు. మాట తడుముకుంటే మగ్గం మా కోసం ఆగేది కాదు.

మాది చీరల దుకాణం. బేరంలో నన్ను గెలిచిన గిరాకీ లేదని గొప్పలు పోయేవాణ్ణి. పద్యం దగ్గర మాత్రం నాతో నాకే బేరం తెగేది కాదు.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో అక్కకు భీవండి సంబంధం కుదిరింది. "అప్పగింతలప్పుడు నువ్వే పద్యం చదవాలె తమ్మీ. భీవండి పోయినంక నాకెవలు చదువుతరు?" అంది. సరేనన్నాను. ముహూర్తం దగ్గరపడింది కానీ పద్యం ఒక్క పాదం దగ్గరే చిక్కుకుంది: 'అక్క నవ్వు వెంట హాయి నడచు.' ఆ 'హాయి' యతి కోసం పట్టుకొచ్చి కూర్చోబెట్టిన మాట. రాశాను, చించాను, మళ్లీ రాశాను. చివరికి అక్కతో, "పద్యమెందుకక్కా, బ్యాండు ఉన్నది గద" అన్నాను. ఆమె తలూపి పెట్టె సర్దుకోసాగింది. అదే బాధ.

పెళ్లి ముందురోజు సార్ దుకాణానికొచ్చి గిరాకీలా పరుపు గద్దె మీద కూర్చున్నారు.

"ఏం సేటూ, పద్యమేది?"

"ఉద్యా ఇస్త సార్" అన్నాను, మరాఠీలో రేపని. "ఒక్క మాట కుదురుతలేదు."

"ఉద్యా మీ అక్క రైలెక్కుతది." పక్కనున్న చీర అందుకున్నారు. "ఇందుల ముడి ఉన్నదా?"

"వెతికితే ఉంటది. పోగు తెగితే ముడేసే నేస్తరు గద సార్."

"మరి గిరాకీకి ఏం చెప్తవ్? ముడి లేనిది నేస్తున్నరు, రేపు రమ్మంటవా?"

"నేనా? ఇసొంటిది సోలాపూర్ మొత్తంల దొరకదని అంట."

"ఇగ కట్టియ్యి" అని చెయ్యి చాచారు. చాచింది చీర కోసం కాదు.

మర్నాడు చదివాను. 'హాయి' దగ్గర ఆగాను. చెవిలో మగ్గం చప్పుడే నన్ను ముందుకు తోసింది. ఏడుస్తున్న అక్క సరిగ్గా అక్కడే నవ్వింది.

వారం తిరక్కుండా మంచి మాట తట్టింది. సార్ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మిన సరుకు వాపసు తీస్కుంటరా సేటూ మీ దుకాణంల? అది అక్క తీస్కపోయింది" అన్నారు నవ్వుతూ.

తర్వాతెప్పుడో భీవండి వెళ్తే, అక్క మనవరాలిని జోకొడుతూ ఆ పద్యమే పాడుతోంది. 'హాయి' దగ్గర రాగం సాగదీస్తోంది. నేను తెచ్చిన మంచి మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పటికీ ప్రతి పద్యంలో ఒక మాటతో గీచిగీచి బేరమాడతాను. అంతలో గద్దె మీద ఎవరో కూర్చుని చెయ్యి చాచినట్టు అనిపిస్తుంది. కట్టిచ్చేస్తాను.